ఇంటి కూడికలో పిల్లలకు చోటు: గృహ సంఘాలకు ఒక మార్గదర్శి

క్రైస్తవులు ఆరాధన కోసం ఇళ్లలో కలుసుకునే చాలా కూడికల్లో పిల్లల సంగతి ఒకేలా ఉంటుంది. హాల్లో చాపలు పరుస్తారు, పాటలు మొదలవుతాయి, బైబిలు వాక్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లల్ని బెడ్‌రూమ్‌లోకి పంపి చేతికి ఫోన్ ఇస్తారు. చంటిబిడ్డ ఉన్న తల్లి వరండాలోకి వెళ్లి, కూడిక అయ్యేదాకా బిడ్డని భుజాన వేసుకుని అక్కడే తిరుగుతుంది. కాస్త ఎదిగిన పిల్లలు లోపలే కూర్చుంటారు గానీ వాళ్లతో ఎవరూ మాట్లాడరు. కదిలితే మాత్రం కళ్లెర్రజేస్తారు. ఏళ్లు ఇలా గడిచాక, ఇంటర్‌కి వచ్చిన అబ్బాయి ఇక కూడికకి రానంటే ఇంటిల్లిపాదీ బాధపడతారు. నిజానికి అప్పటిదాకా ఆ అబ్బాయి కూడికలో ఉన్నదెప్పుడు?

పది నుంచి ముప్పై మంది వరకు ఒక ఇంట్లో కలుసుకునే సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మందిరం లేక ఇంట్లోనే ఆరాధించేవాళ్లకీ, మందిరం ఉన్నా వారం మధ్యలో ఇళ్లలో కూడుకునేవాళ్లకీ పనికొస్తుంది. పిల్లల కోసం పక్కగదిలో ఇంకో కార్యక్రమం పెట్టడం గురించి కాదు నేను చెప్పేది. పిల్లలు కూడా మనలో ఉన్నారన్న లెక్కతో కూడికనే మార్చుకోవడం గురించి.

1. ముందు పెద్దలంతా ఒక మాట మీదికి రండి

పాటల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు కొనకముందే చేయాల్సిన పని ఇది. సంఘ పెద్దలు, ఇల్లు ఇచ్చినవాళ్లు, తల్లిదండ్రులు, పెళ్లికానివాళ్లు, ముసలివాళ్లు అందరూ ఒకసారి కూర్చోవాలి. ఎందుకంటే పిల్లలు కూడికలో ఉంటే కొంత శబ్దం ఉంటుంది, కొంత ఆలస్యం ఉంటుంది. దానికి ఒప్పుకోనివాళ్లు ఒక్కరున్నా, వాళ్ల ముఖంలో చిరాకు కనబడగానే మరుసటి వారం ఆ తల్లి బిడ్డతో మళ్లీ వరండాలోకి వెళ్లిపోతుంది.

ఆ రోజు వాక్యం కోసం కొలొస్సయులకు రాసిన పత్రిక తెరవండి. నాలుగో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు నుంఫా అనే విశ్వాసి ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెబుతాడు. ఈ పత్రికను లవొదికయ సంఘంలోనూ చదివించమంటాడు. అంటే ఇది ఇళ్లలో కూడుకున్నవాళ్ల మధ్య బిగ్గరగా చదివిన ఉత్తరం. ఇప్పుడు ఒక పేజీ వెనక్కి తిప్పి మూడో అధ్యాయం 20, 21 వచనాలు చూడండి. తల్లిదండ్రుల మాట వినమని నేరుగా పిల్లలనే పిలిచి చెబుతాడు. ఆ వెంటనే, పిల్లల మనసు కుంగిపోయేలా కోపం పుట్టించవద్దని తండ్రులకు చెబుతాడు. పిల్లలు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్లకు చెప్పింది నాన్నలు విన్నారు, నాన్నలకు చెప్పింది పిల్లలు విన్నారు. వేరే గదిలో ఉండి ఉంటే ఆ రెండో మాట వాళ్ల చెవిన పడేదే కాదు.

పాత నిబంధనలో కూడా ఇదే చూస్తాం. ధర్మశాస్త్రం చదివి వినిపించేటప్పుడు పురుషులతో, స్త్రీలతో పాటు పిల్లల్నీ పోగుచేయమని ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం చెబుతుంది. యూదా రాజు యెహోషాపాతు కాలంలో శత్రుసైన్యం మీదికొచ్చినప్పుడు యూదావారు తమ భార్యలతో, పసిబిడ్డలతో సహా దేవుని ఎదుట నిలబడ్డారు. కపెర్నహూములో ఇంట్లో ఉన్నప్పుడే యేసు ఒక చిన్నబిడ్డను తీసుకుని శిష్యుల మధ్య నిలబెట్టాడు.

‘మరి సండే స్కూల్ సంగతేంటి?’ అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రెయిక్స్ ఆదివారపు బడి మొదలుపెట్టింది వారమంతా పనిలో ఉండి చదువుకు దూరమైన పేద పిల్లల కోసం. చదవడం నేర్పాడు, వాక్యం నేర్పాడు. అది గొప్ప సేవ. మన ఊళ్లలో కూడా ఎంతోమంది టీచర్లు అదే ప్రేమతో చేస్తున్నారు. దాన్ని మానేయమని నేను అనను. ఆ గంట సంఘంతో కలిసి ఆరాధించడానికి బదులు కాకుండా, దానికి తోడుగా ఉంటే చాలు.

2. ఇల్లు సర్దుకోండి

పిల్లలు వెనక వరుసలో కూర్చుంటే వాళ్లకు కనిపించేవి పెద్దవాళ్ల వీపులే. అందుకే వీలైతే గుండ్రంగా కూర్చోండి. చిన్నపిల్లలకు ముందు చాప వేయండి, వాళ్ల వెనకే అమ్మానాన్నలు కూర్చోవాలి. గుమ్మం పక్కన కొంచెం చోటు వదిలితే ఏడ్చే బిడ్డను ఎవరినీ దాటకుండా బయటికి తీసుకెళ్లి, ఊరుకోగానే మళ్లీ తీసుకురావచ్చు.

ఒక గుడ్డసంచిలో బట్టబొమ్మలు, తెల్లకాగితాలు, క్రేయాన్లు, పిల్లల బైబిలు బొమ్మల పుస్తకాలు రెండు మూడు పెట్టి ఉంచండి. టకటకలాడే ప్లాస్టిక్ బొమ్మలు వద్దు. ఫోన్లు, ట్యాబ్‌లు అసలే వద్దు. ఒక్క పిల్లాడి చేతిలో ఫోన్ ఉంటే మిగతా పిల్లలంతా ఆ స్క్రీన్ వైపే వాలిపోతారు. గోడల మీద గీతలు పడతాయన్న టెన్షన్ ఇల్లు ఇచ్చినవాళ్లకు ఉండకుండా, గీసుకోవడానికి ఒక చాపో పీటో ముందే చూపించండి.

మేడ మీద ఇల్లయితే బాల్కనీ తలుపు, మెట్ల దారి మూసి ఉన్నాయో లేదో చూడండి. వేడి టీ ఫ్లాస్కు, దోమల కాయిల్, ఇస్త్రీ పెట్టె అందని చోట పెట్టండి. అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీలు పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి.

3. గడియారం చూసుకోండి

మన కూడికలు ఆరింటికని చెప్పి ఆరున్నరకు మొదలవుతాయి. ఎనిమిదిన్నర అవుతున్నా ముగింపు ప్రార్థన రాదు. మర్నాడు బడి ఉన్న పిల్లలు ఆకలితో, నిద్రతో కిందామీదా పడతారు. అది అల్లరి కాదు, అలసట. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగించినప్పుడు కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. అపొస్తలుడే బోధించినా శరీరానికి నిద్ర ఆగలేదు.

గంటన్నర చాలు. మా కూడికలో ఆదివారం సాయంత్రం దాదాపు ఇలా నడుస్తుంది:

- 5:30 అందరూ వచ్చి కూర్చోవడం, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వందనాలు చెప్పడం
- 5:40 పాటలు, స్తుతి
- 6:00 వాక్యం చదవడం, కథగా చెప్పడం, అందరి ప్రశ్నలు
- 6:20 పెద్దలకు ఇంకొంచెం లోతుగా వాక్యం. చిన్నవాళ్లు అదే చోట బొమ్మ గీసుకోవడం
- 6:35 సాక్ష్యాలు, ప్రార్థన, రొట్టె విరిచే వారమైతే బల్ల (ప్రభు రాత్రి భోజనం)
- 7:00 భోజనం

పెద్దల కోసం ఇంకా వివరంగా బోధించాల్సి ఉంటే దానికి వేరే రోజు పెట్టుకోండి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఎలాగూ పెద్దలే ఎక్కువ వస్తారు.

4. పాటల్లో వాళ్లకి పని ఇవ్వండి

పిల్లలు అన్నిటికంటే తొందరగా కలిసిపోయేది పాటల్లోనే. అలాగని యాక్షన్ సాంగ్ ఒకటి పాడించి, చప్పట్లు కొట్టి, ‘ఇక మీరు వెళ్లండి’ అంటే వాళ్లకు ఏం అర్థమవుతుంది? అసలు ఆరాధన పెద్దవాళ్లదనే కదా. పిల్లల పాట పెద్దలంతా చేతులు ఆడిస్తూ పాడాలి. పెద్దల పాట పిల్లలకు నేర్పాలి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో భాష గ్రాంథికంగా ఉంటుంది. ఏడేళ్ల పిల్లకు అర్థం కాదు. కాబట్టి నెలకు ఒక్క కీర్తన తీసుకోండి. పల్లవి, ఒకే చరణం. పాడే ముందు ఆ చరణం మామూలు మాటల్లో ఏం చెబుతోందో ఒక అమ్మమ్మో తాతయ్యో రెండు నిమిషాల్లో చెప్పాలి. నాలుగు వారాలు అదే పాడితే చదవడం రాని పిల్లలకూ నోటికి వచ్చేస్తుంది. అలా నేర్చుకున్న పాటలు ముసలితనం దాకా వదలవు. మంచం మీదున్న మన పెద్దవాళ్లు ఎన్ని మరిచిపోయినా కీర్తనల పల్లవులు మరిచిపోకపోవడం మీరూ చూసే ఉంటారు.

కంజీర, తాళాలు వంతులవారీగా పిల్లల చేతికివ్వండి. తాళం తప్పుతారు, ఫరవాలేదు. పాటల పుస్తకాలు పంచడం, పాట నంబరు గట్టిగా చెప్పడం కూడా వాళ్ల పనే. ఇంట్లో ఇరవై మందికి మైకూ స్పీకరూ అక్కర్లేదు. మైకు లేకపోతే పసిబిడ్డలు ఉలిక్కిపడరు, పక్కింటివాళ్లకూ ఇబ్బంది ఉండదు, పిల్లల గొంతులు కూడా వినబడతాయి.

5. వాక్యం: అందరికీ ఒకే భాగం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది భయపడేది దీనికే. ‘పిల్లల స్థాయికి దిగితే పెద్దవాళ్లకు ఆహారం ఉండదు’ అంటారు. పెద్దలకూ పిల్లలకూ ఒకే వాక్యభాగం పెట్టుకుని, ప్రశ్నలు మాత్రం మార్చి చూడండి.

మార్కు సువార్త రెండో అధ్యాయం మొదటి పన్నెండు వచనాలు తీసుకుందాం. అది కూడా ఇంటి కూడికే. యేసు ఇంట్లో ఉన్నాడని తెలిసి, గుమ్మం దగ్గర కూడా చోటు లేనంతమంది వచ్చారు. నలుగురు ఒక పక్షవాయువుగల మనిషిని మోసుకొచ్చారు.

ముందు ఎనిమిది, పదేళ్ల పిల్లల్లో ఒకరి చేత ఈ భాగం చదివించండి. ఆ సంగతి ఆ పిల్లకు మూడు నాలుగు రోజుల ముందే చెప్పాలి, ఇంట్లో రెండుసార్లు చదువుకుని రావాలి. అప్పటికప్పుడు చేతికి బైబిలు ఇచ్చి ‘చదువమ్మా’ అంటే, ‘పక్షవాయువు’ దగ్గర తడబడి, ఎవరో నవ్వితే ఇక ఎప్పుడూ చదవదు.

తర్వాత ఒక పాత దుప్పటి మధ్యలో పరిచి, దాని మీద దిండు పెట్టండి. దిండే ఆ రోగి. నలుగురు పిల్లల్ని నాలుగు కొసలు పట్టుకుని లేపమనండి. ఒకడు ముందే లాగేస్తాడు, దిండు జారిపోతుంది, అందరూ నవ్వుతారు. ‘మళ్లీ, నలుగురూ ఒకేసారి’ అనండి. రెండోసారి సరిగ్గా లేస్తుంది. అలాగే మోసుకుంటూ జనంలోంచి వెళ్లమనండి. మోకాళ్లు అడ్డం, చోటు లేదు. ‘ఇప్పుడేం చేద్దాం?’ అని అడగండి. వచనం చదివినప్పుడు విననివాడు కూడా ఈ ప్రశ్నకు తలెత్తి చూస్తాడు.

ఇప్పుడు ప్రశ్నలు. అయిదారేళ్లవాళ్లను అడగాల్సింది: ఆ నలుగురికి ఏం కనబడింది, ఏం వినబడింది? కప్పు విప్పుతుంటే మట్టి ఎవరి మీద పడి ఉంటుంది? పదేళ్లవాళ్లకు: ఆ మనిషి నడవడానికి వస్తే యేసు ముందు పాపాలు క్షమించానని ఎందుకన్నాడు? పెద్దలకు: ‘వారి విశ్వాసము చూచి’ అని ఉంది, ఎవరి విశ్వాసం? మనం ఈ వారం ఎవరి మంచం కొస పట్టుకున్నాం?

పిల్లలు కూడా అడగాలి. ‘ఇల్లు పగలగొట్టినందుకు ఆ ఇంటాయన తిట్టలేదా?’ అని ఒక పిల్లాడు అడుగుతాడు. మంచి ప్రశ్న. బైబిల్లో దానికి జవాబు లేదు. ‘రాయలేదు నాన్నా, నువ్వయితే ఏమనేవాడివి?’ అని అడగండి. ఇల్లు ఇచ్చిన అంకుల్‌ని కూడా అదే ప్రశ్న వేయండి. ఇంటిని కూడికకు ఇవ్వడమంటే ఏమిటో ఆయన ఆ క్షణంలో ఇచ్చే జవాబు పెద్దలందరూ వినాల్సిందే.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి, వచ్చేవారం చదువుకుని చెబుతాననండి, గుర్తుపెట్టుకుని చెప్పండి. ‘అలాంటి ప్రశ్నలు అడగకూడదు’ అనే మాట మాత్రం నోటివెంట రాకూడదు. దేవుణ్ని ఎవరు చేశారు, తాతయ్య కోసం ప్రార్థన చేసినా ఎందుకు చనిపోయాడు, అన్నవి పిల్లలు నిజంగా అడిగే ప్రశ్నలు. ఈ ఇంట్లో అడగనివ్వకపోతే రేపు ఫోన్లో వెతుక్కుంటారు.

కథ అయ్యాక ఆ పదిహేను నిమిషాలు పెద్దల వాక్యం నడిచేటప్పుడు చిన్నవాళ్లు అక్కడే కూర్చుని ఆ దృశ్యం గీయాలి. గీస్తూ వినే పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువే వింటారు. చివర్లో ఒకరిద్దరు బొమ్మ చూపించి కథ తిరిగి చెప్పాలి. కంఠత వాక్యం పిల్లలతో పాటు పెద్దలూ అప్పజెప్పాలి. పిల్లాడు అప్పజెప్పి, వాళ్ల నాన్న తప్పించుకుంటే ఆ కంఠత వాక్యం ఆ నెలతో సరి.

అన్ని భాగాలూ ఇలా కుదరవు. రోమా పత్రికలో ఒక అధ్యాయాన్ని దుప్పటితో చూపించలేం. అలాంటి వారాల్లో ఒకే ఒక్క వచనం ఎన్నుకుని, దానికి ఇంట్లో జరిగే ఒక ఉదాహరణ చెబితే సరిపోతుంది. లేదంటే చిన్నవాళ్లను ఇరవై నిమిషాలు వరండాలో కూర్చోబెట్టి కథ చెప్పి, ప్రార్థన వేళకు మళ్లీ లోపలికి తీసుకురండి. అలాంటప్పుడు ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. కారణం తర్వాత చెబుతాను.

6. ప్రార్థన అంశాల దగ్గర జాగ్రత్త

పిల్లల చేత ప్రార్థన చేయించడం తేలిక. ఒక్క వాక్యం చాలు: ‘యేసయ్యా, మా టీచర్‌కి జ్వరం తగ్గించండి.’ దాని వెనక పెద్దలంతా గట్టిగా ‘ఆమేన్’ అనాలి. ఆ ఆమేన్ వినబడటం పిల్లలకు ఎంత ధైర్యమో. వాళ్లు చెప్పే అంశాలు చిన్నవిగా కనబడతాయి: పోయిన కుక్కపిల్ల, మ్యాథ్స్ పరీక్ష, స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. పెద్దల అంశాలతో పాటే అవి పుస్తకంలో రాయండి. మరుసటి వారం ‘ఏమైందమ్మా?’ అని అడగండి. కుక్కపిల్ల దొరికితే కలిసి కృతజ్ఞత చెప్పండి. దొరక్కపోతే ఆ బాధలో కూడా ఆ పిల్లతో ఉండండి. ప్రార్థన చేస్తే అడిగిందల్లా వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి.

పెద్దలు నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ‘మావాడు అస్సలు చదవట్లేదు, చెప్పిన మాట వినట్లేదు, వాడి కోసం ప్రార్థన చేయండి’ అని వాడు అక్కడ కూర్చుని ఉండగానే అందరి ముందూ చెబుతాం. మంచి ఉద్దేశంతోనే చెబుతాం. కానీ ఆ పిల్లాడికి అది ఇరవై మంది ముందు జరిగిన అవమానం. వాడి గురించి చెప్పాలంటే ముందు వాడిని అడగండి, లేదా పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురితో విడిగా చెప్పుకోండి.

భార్యాభర్తల గొడవలు, అప్పులవాళ్ల ఒత్తిడి, ఎవరింట్లోనో తాగుడు, ఇవన్నీ పిల్లల చెవిన పడాల్సినవి కావు. వాటికి భోజనాల తర్వాత పెద్దలు కూర్చోండి. దయ్యాలు వెళ్లగొట్టే ప్రార్థనలు, పెద్దగా అరుపులతో చేసే ప్రార్థనలు చిన్నపిల్లల ముందు పెట్టకండి. వాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టదు, ప్రార్థన అంటేనే భయం పట్టుకుంటుంది.

7. రొట్టె విరిచేటప్పుడు

ఈ విషయంలో సంఘాల మధ్య తేడాలున్నాయి. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే బల్ల అని చాలా సంఘాలు పాటిస్తాయి. కొన్నిచోట్ల నిర్ధారణ (కన్ఫర్మేషన్, అంటే ఎదిగాక తన విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) పొందాకే ఇస్తారు. ఇంటి కూడికల్లో రకరకాల నేపథ్యాలవాళ్లు కలుస్తారు కాబట్టి మీ పెద్దలు ఏది పాటించాలో ముందే తేల్చుకుని, తల్లిదండ్రులకు చెప్పి ఉంచాలి. పళ్లెం పిల్లాడి దాకా వచ్చాక గుసగుసలాడుకోవడం, చేయి లాగేయడం జరగకూడదు.

‘నాకెందుకు ఇవ్వలేదు?’ అని పిల్లలు అడగడం మంచిదే. పస్కా ఆచారం గురించి మీ పిల్లలు అడిగినప్పుడు ఇలా చెప్పమని నిర్గమకాండం 12వ అధ్యాయమే చెప్పింది. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు కూడికలోనే, అందరి ముందే, ప్రేమగా చెప్పండి: యేసు మన కోసం తన ప్రాణం ఇచ్చాడు, దాన్ని గుర్తు చేసుకుంటున్నాం, నువ్వు ఆయన్ని నమ్మి బాప్తిస్మం తీసుకునే రోజు కోసం మేమందరం ఎదురుచూస్తున్నాం. బల్లలో పాలుపంచుకోకపోయినా, ఆ సమయంలో నాన్న పిల్లల తల మీద చేయి వేసి దీవించవచ్చు. యేసు చేసింది అదే కదా, ఎత్తి కౌగిలించుకుని చేతులుంచి ఆశీర్వదించాడు.

ఆ తర్వాత భోజనం. సువార్తికుడు భక్త సింగ్ గారి సహవాసాల్లో ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందు మనలో చాలామందికి తెలుసు. ఇంట్లో అయితే అన్నం, పప్పు, మజ్జిగ చాలు. పిల్లల్ని ముందు తినిపించి పంపేయకుండా పెద్దల పంక్తిలోనే కూర్చోబెట్టండి. ప్లేట్లు వేయడం, నీళ్లు పోయడం వాళ్లకి అప్పజెప్పండి. ‘ఈ వారం బళ్లో ఏం జరిగింది?’ అని తన సొంత పిల్లలు కాని ఒకరిద్దర్ని ప్రతి పెద్దవారూ అడగాలి. నా లెక్కలో ఇది వాక్యమంత ముఖ్యం. సంఘంలో తనని పేరు పెట్టి పిలిచే అంకుల్, ఆంటీ నలుగురున్న పిల్లకు ఆ ఇల్లు పరాయిది కాదు.

8. గోల చేస్తే ఎవరు లేవాలి?

నాన్నలు లేవాలి. మన కూడికల్లో బిడ్డ ఏడిస్తే తల్లే లేస్తుంది, తండ్రి కళ్లు మూసుకుని స్తుతిస్తూ ఉంటాడు. కొన్నేళ్లపాటు ఆ తల్లి ఒక్క వాక్యం కూడా పూర్తిగా వినదు. తండ్రులతో వంతుల పట్టిక వేయండి. పిల్లలు లేనివాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయిపోయినవాళ్లు కూడా అందులో పేరు ఇవ్వాలి. పెళ్లికాని అమ్మాయిలకే ఈ పని అంటగట్టకండి.

పిల్లల్ని మందలించాల్సింది వాళ్ల తల్లిదండ్రులే. పక్కవాళ్లు గిల్లడం, మొట్టడం, ‘దేవుడు కన్ను పొడుస్తాడు’ అని బెదిరించడం వద్దని ముందే చెప్పుకోండి. వాక్యం చెప్పే బ్రదర్ కూడా మధ్యలో ఆపి ఆ తల్లి వైపు చూడకూడదు. కొంచెం శబ్దాన్ని దాటుకుంటూ మాట్లాడటం ఆయన అలవాటు చేసుకోవాలి. ఒక పిల్లాడు ఎప్పుడూ అదుపు తప్పుతుంటే, శబ్దాలంటే భయపడుతుంటే, ఎవరితో కలవలేకపోతుంటే, పెంపకం మీద వ్యాఖ్యలు చేయకుండా ఆ తల్లిదండ్రులను అడగండి: వాడికి ఏది తేలిక, ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది? ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు చాలా చోట్ల చూపులు భరించలేకే కూడికలు మానేస్తున్నాయి.

9. టీనేజ్ పిల్లలు

వీళ్లకు కావాల్సింది నిజమైన బాధ్యత. నెలకోసారి కూడిక మొత్తం నడిపే అవకాశం ఇవ్వండి: పాటల ఎంపిక, వాక్యభాగం, ప్రశ్నలు. ఒక పెద్దాయనో పెద్దావిడో వారం ముందు కూర్చుని సిద్ధం చేయించాలి. కానుకల లెక్క రాయడం, ఆస్పత్రిలో ఉన్న విశ్వాసిని చూడటానికి వెళ్లేటప్పుడు తోడు తీసుకెళ్లడం లాంటివి ఇంకా బాగా పనిచేస్తాయి.

పదో తరగతి, ఇంటర్ పరీక్షల కాలంలో వాళ్లు కూడికకు రాలేకపోతే నిష్ఠూరంగా మాట్లాడకండి. ఇద్దరు వాళ్లింటికే వెళ్లి పది నిమిషాలు ప్రార్థన చేసి రండి. ఫలితాలు వచ్చినప్పుడు ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల సాక్ష్యం మాత్రమే చెప్పించడం మన దగ్గర మామూలైపోయింది. తప్పినవాడు ఆ రోజు ఏ మూలన కూర్చుని వింటున్నాడో ఆలోచించండి.

10. భద్రత విషయంలో మొహమాటం వద్దు

ఇల్లు కాబట్టి, అందరూ తెలిసినవాళ్లే కాబట్టి ఏమీ జరగదనుకుంటాం. పిల్లల మీద లైంగిక వేధింపులు ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే జరుగుతాయి. నియమాలు రాసి అందరికీ చదివి వినిపించండి. ఏ పెద్ద మనిషీ, సేవకుడైనా సరే, ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లాడితోనో మూసిన గదిలో ఉండకూడదు. పిల్లల తరగతికి ఇద్దరు పెద్దలు, ఒకే ఇంటివాళ్లు కానివాళ్లు, ఉండాలి. బాత్రూమ్‌కి సొంత తల్లిదండ్రులే తీసుకెళ్లాలి. కూడికలో పరిచయమైనవాళ్లు పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ముద్దుపెట్టమనీ ఒళ్లో కూర్చోమనీ పిల్లల్ని బలవంతపెట్టకూడదు.

పిల్లలు ఏదైనా చెబితే నమ్మి వినండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. తెలిసీ చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు పడవచ్చు. ‘సంఘం పరువు పోతుంది’, ‘క్షమించేద్దాం’ అని పెద్దలు లోపలే పంచాయితీ చేసే వీలు లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. ఆ నంబరు గోడ మీద అతికించండి, పిల్లలకు నోటికి నేర్పండి.

11. వీధిలో పిల్లలు వస్తే

పాటలు వినబడితే పక్కింటి పిల్లలు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. తరిమేయకండి. అలాగని చాక్లెట్లు చూపించి లోపలికి పిలవకండి. వాళ్లింటికి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి: ఇది మా ప్రార్థన కూడిక, మీ పాప వచ్చి కూర్చుంటోంది, మీకు ఇష్టమేనా? వాళ్లు వద్దంటే మర్యాదగా అంగీకరించండి, స్నేహం మాత్రం మానకండి. పిల్లల ముందు వాళ్ల ఇంటి దేవుళ్ల గురించి, పండగల గురించి తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అది ఆ పిల్లని తన తల్లిదండ్రుల మీదికి తిప్పడమే.

తల్లి మాత్రమే విశ్వాసి అయిన ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు మన కూడికల్లో చాలామంది ఉంటారు. తిమోతి ఇల్లూ అలాంటిదే. తల్లి యూనీకే, అమ్మమ్మ లోయి విశ్వాసులు, తండ్రి గ్రీసుదేశస్థుడు. ఈ పిల్లల ముందు ‘మీ నాన్న ఎప్పుడు మారతాడమ్మా?’ అని అడగకండి. సంఘంలో ఒక అంకుల్ ఆ పిల్లాడితో క్రికెట్ గురించి మాట్లాడినా చాలు.

12. విదేశాల్లో తెలుగు కూడికలు

డల్లాస్‌లోనో లండన్‌లోనో అపార్ట్‌మెంట్లలో జరిగే తెలుగు కూడికల్లో సమస్య భాషది. పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు గానీ చదవలేరు, మన బైబిలు తెలుగు అసలే అందదు. వాక్యభాగాన్ని పిల్లలు ఇంగ్లీషులో, పెద్దలు తెలుగులో చదవండి. పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తే ఇవ్వనివ్వండి, తెలుగులో చెప్పమని అక్కడ పరీక్ష పెట్టకండి. పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇస్తే నానమ్మతో వీడియో కాల్‌లో కూడా కలిసి పాడగలరు. భాష నేర్పడం మంచిదే, కానీ ప్రార్థన దాని కోసం వాడుకునే సమయం కాదు.

13. మొదలుపెట్టేటప్పుడు

ఇవన్నీ ఒకే వారం చేయబోతే అందరూ అలసిపోతారు. మొదటి నెల ఫోన్లు తీసేసి, గుండ్రంగా కూర్చుని, ఒక పిల్ల చేత వాక్యం చదివించండి. మొదటి రెండు మూడు వారాలు గందరగోళంగా ఉంటుంది, పిల్లలు మిమ్మల్ని పరీక్షిస్తారు. ‘మునుపటిలాగే చేద్దాం’ అనే మాట వస్తుంది. మూడు నెలలు గడిచేదాకా ఆ నిర్ణయం తీసుకోకూడదని ముందే ఒప్పుకోండి.

ప్రతి కూడిక తర్వాత వాట్సాప్ గ్రూపులో ఆ వారం వచనం, ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక్క ప్రశ్న పెట్టండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో అయిదు నిమిషాలు దాని మీద మాట్లాడుకుంటే వచ్చే ఆదివారానికి పిల్లలు ఏదో ఒకటి చెప్పడానికి సిద్ధంగా వస్తారు. పిల్లల ఫోటోలు, వీడియోలు మాత్రం వాళ్లనీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ అడక్కుండా ఎక్కడా పెట్టకండి. మూడు నెలలయ్యాక పెద్దల్ని కాకుండా ముందు పిల్లల్నే కూర్చోబెట్టి అడగండి: ఏది బాగుంది, ఎక్కడ బోర్ కొట్టింది, వచ్చే నెల మీరేం చేస్తారు? వాళ్లు చెప్పినవాటిలో కనీసం ఒక్కటి వెంటనే చేయండి.